జెండా ఎగిరి అరవై ఏళ్లు... డయ్యూ చిరునామా తేలేదెప్పుడు?

దీపావళికి ముందు వారం సూరత్‌లోని వరాఛా రోడ్డు మీద నిలబడితే ఊరు ఊరంతా ఖాళీ అవుతున్నట్టు ఉంటుంది. వజ్రాలు సానబట్టే సౌరాష్ట్ర కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని రాత్రి బస్సులు ఎక్కేస్తాయి. 2020లో కరోనా భయంతో ప్రయాణాలు మానుకున్నవారు కూడా 2021లో కదిలారు. ఆ ఏడాది నేనూ ఆ జనంలో ఒకడినై డయ్యూ బస్సు ఎక్కాను. 1971 డిసెంబర్ 9 రాత్రి ఆ తీరానికి ఎదురుగా సముద్రంలో పాకిస్తాన్ జలాంతర్గామి ‘హంగోర్’ మన యుద్ధనౌక ‘ఖుక్రీ’ని ముంచింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాతో సహా 18 మంది అధికారులు, 176 మంది నావికులు నౌకతోపాటే జలసమాధి అయ్యారు. యాభై ఏళ్లు నిండేలోగా ఆ స్మారకం దగ్గర ఒక్క సెల్యూట్ చేసి రావాలన్నది నా కోరిక.

పక్క సీటులో నలభై ఏళ్లు దాటని మనిషి. సొంతూరు డయ్యూ. మాటల్లో నేను ఫౌజు మనిషినని తెలిసి ‘కర్నల్ సాబ్’ అని పిలవడం మొదలుపెట్టాడు. టీ కోసం బస్సు ఆగినప్పుడు సంచిలోంచి డబ్బులు తీస్తుంటే ముదురు ఎరుపు పాస్‌పోర్టు కనిపించింది. పోర్చుగల్‌ది. ‘లిస్బన్‌లో ఉంటావా?’ అని అడిగాను. ‘ఇంతవరకూ ఆ ఊరు చూడలేదు సాబ్’ అన్నాడు. ఉండేది ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో, పని గోదాములో. పుట్టింది డయ్యూలో, పౌరసత్వం పోర్చుగల్‌ది, కూలి బ్రిటన్‌ది. ఈ మూడూ ఒక మనిషిలో ఎలా కలిశాయో తెలియాలంటే అరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1961 డిసెంబర్ 18 తెల్లవారుజామున ‘ఆపరేషన్ విజయ్’ మొదలైంది. గోవా గురించి అందరికీ తెలుసు, డయ్యూ పోరు గురించి తెలిసినవారు తక్కువ. చీకట్లో కాలువ దాటబోయిన మన జవాన్లపై పోర్చుగీసు మెషిన్‌గన్లు నిప్పులు కురిపించాయి. వైమానిక దళం బాంబులు వేసింది, ‘ఐఎన్‌ఎస్ ఢిల్లీ’ సముద్రం నుంచి గుళ్లు కురిపించింది. 19వ తేదీకి పోర్చుగీసు దళం లొంగిపోయింది. 1535లో కోట కట్టుకుని పాతుకుపోయిన పాలన రెండు రోజుల్లో ముగిసింది. సైన్యం తన పని తాను పూర్తిచేసింది. మిగిలింది కాగితాల పని. అది నేటికీ పూర్తి కాలేదు.

1962లో మన ప్రభుత్వం గోవా, డామన్, డయ్యూ పౌరసత్వ ఉత్తర్వు ఇచ్చింది. దాని ప్రకారం అక్కడివారు భారత పౌరులైపోయారు. పాత జాతీయతే ఉంచుకుంటామన్నవారు నెల రోజుల్లో లిఖితపూర్వకంగా చెప్పాలి. మన దృష్టిలో లెక్క అక్కడితో తేలిపోయింది. పోర్చుగల్ మాత్రం మన సార్వభౌమాధికారాన్ని 1974 చివరి ఒప్పందం దాకా గుర్తించలేదు. గుర్తించాక కూడా తన తలుపు మూయలేదు. 1961 డిసెంబర్ 19కి ముందు అక్కడ పుట్టినవారు, వారి పిల్లలు, మనవలు లిస్బన్‌లో తమ జననం నమోదు చేయించుకుంటే ఆ దేశ జాతీయత పొందవచ్చు. ఆ పాస్‌పోర్టు ఉంటే, బ్రెగ్జిట్ ముందు వరకు, బ్రిటన్‌లో బతకడానికి వీసా అక్కరలేదు. ఆ చిన్న దీవికి అది వరమే అయింది.

ఇదే చిక్కు మన తెలుగు నేలపై యానాంలోనూ రావలసింది. కానీ అక్కడ ఫ్రాన్స్‌తో ఒప్పందం ఉంది. 1962 ఆగస్టు 16న అది అమల్లోకి రాగానే, ఫ్రెంచి జాతీయత కావాలనేవారు ఆరు నెలల్లో రాసి ఇవ్వాలని గడువు పెట్టారు. రాసి ఇచ్చినవారు ఫ్రెంచివారుగా మిగిలారు, ఇవ్వనివారు భారతీయులయ్యారు. రెండు ప్రభుత్వాలూ ఒకే గీత గీశాయి. డయ్యూలో మనం ఒక గీత గీస్తే పోర్చుగల్ ఇంకో గీత గీసింది. ఆ రెండు గీతల నడుమ ఒక దీవి ప్రజలు ఇరుక్కున్నారు.

మామూలు రోజుల్లో ఆ ఇరుకు తెలియలేదు. కరోనా వచ్చి తెలియజేసింది. 2020 మార్చిలో మన ప్రభుత్వం వీసాలు ఆపినప్పుడు ఓసీఐ కార్డుదారుల రాకపోకలనూ ఆపింది. తల్లిదండ్రులు ఇక్కడున్నా, పర్యాటకులతో సమానంగా వారూ బయటే నిలబడ్డారు. దశలవారీగా సడలిస్తూ ఓసీఐలందరికీ తలుపు తెరిచేసరికి అక్టోబర్ వచ్చింది. నా పక్క సీటు మనిషి 2021 జనవరిలో, మంచం పట్టిన తల్లిని చూడటానికి వచ్చాడు. ఏప్రిల్ 23న బ్రిటన్ మన దేశాన్ని ‘రెడ్ లిస్ట్’లో పెట్టింది. నివాస హక్కు ఉన్నవారు అప్పట్లో వెళ్లగలిగేవారు, కానీ పది రోజులు ప్రభుత్వం చెప్పిన హోటల్లో ఉండాల్సి వచ్చేది. అప్పటి ఖర్చు 1,750 పౌండ్లు. గోదాము కూలీకి అది మోయలేని బరువు.

ఆగుదామంటే ఇంకో గడియారం తిరుగుతూ ఉండేది. బ్రెగ్జిట్ తరువాత ఇతని లాంటివారికి దక్కింది తాత్కాలిక నివాస హోదా. అప్పటి నియమాల ప్రకారం, శాశ్వత హోదా రావాలంటే అయిదేళ్లు ఎడతెగకుండా అక్కడ ఉండాల్సి వచ్చేది. ఏ పన్నెండు నెలల్లో చూసినా ఆరు నెలలకు మించి దేశం దాటి ఉండకూడదనేవారు. కోవిడ్ వల్ల ఆగిపోయినవారికి మినహాయింపు ఇచ్చారు గానీ, ఎందుకు ఆగాడో రుజువులు అతనే చూపాల్సి వచ్చింది. ఆగస్టు 8న మన దేశం రెడ్ లిస్ట్ నుంచి బయటపడ్డాక వెళ్లాడు. అప్పటికి ఆరు నెలలు దాటిపోయాయి. ‘అమ్మ పక్కన కూర్చున్నా వేళ్ల మీద రోజులే లెక్కపెట్టుకున్నాను సాబ్’ అన్నాడు. అక్టోబర్‌లో రెండు దేశాలూ ఒకరిపై ఒకరు పెట్టుకున్న క్వారంటైన్ పట్టింపులు సడలాక, పండగ పేరుతో మళ్లీ వచ్చాడు. ఈసారి తిరుగు ప్రయాణం తేదీ చూసుకున్నాకే బయలుదేరాడట.

సూరత్‌లో మన తెలంగాణ నుంచి వచ్చిన నేత కార్మికులు వేలమంది ఉన్నారు. 2020 లాక్‌డౌన్‌లో వారు పడ్డ కష్టం తక్కువేమీ కాదు. కానీ మగ్గాలు మళ్లీ తిరిగాక వెనక్కి రావడానికి నువ్వు ఎవరివని వారిని ఎవరూ అడగలేదు. ఈ దీవి మనిషికి ఊరికి రావడానికీ, పనికి పోవడానికీ రెండువైపులా ఆ ప్రశ్నే.

ఇది రక్షణ విషయాలు రాసే చోట ఎందుకని పాఠకులు అడగవచ్చు. డయ్యూ గుజరాత్ తీరాన్ని ఆనుకున్న దీవి. అక్కడి వణాక్‌బారా పడవలు వేటకు వెళ్లే అరేబియా సముద్రంలోనే పాకిస్తాన్ జలసరిహద్దు ఉంది. 2008లో ముంబైపై దాడి చేసినవారు వాడుకున్నది పోర్‌బందర్‌కు చెందిన చేపల పడవను. ఆ తరువాతే జాలరులకు బయోమెట్రిక్ గుర్తింపు కార్డులు వచ్చాయి. రాడార్లు ఎన్ని పెట్టినా, కొత్త పడవను ముందు పసిగట్టేది పక్క పడవలోని జాలరి కన్నే. పడుచువారంతా లెస్టర్‌లో ఉండి ముసలివారు మాత్రమే మిగిలిన దీవిలో ఆ కన్ను మసకబారుతుంది.

రెండోది ఇంకా నేరుగా తగిలేది. డయ్యూకు దగ్గరలోని వేరావల్ పడవల మీద మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు పనిచేస్తారు. 2018లో పాకిస్తాన్‌కు చిక్కినవారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర మన నేలపై అడుగుపెట్టారు. చెరలో ఉన్న జాలరి విడుదలకు తొలి మెట్టు జాతీయత నిర్ధారణ. ఇతను మావాడేనని మన ప్రభుత్వం చెప్పాలి. మరి ఇక్కడ జాలరి కార్డు, లిస్బన్‌లో జనన నమోదు రెండూ ఉన్న డయ్యూ కుర్రాడు కరాచీ జైలుకు చేరితే? మావాడని ఎవరు చెప్పాలి? ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవలసింది అతను పట్టుబడిన రోజున కాదు.

నేను ఆ ప్రజలను అనుమానించమనడం లేదు. అనుమానం వేరు, లెక్క వేరు. సైన్యంలో మేము నేర్చుకున్న మొదటి పాఠం, పొద్దున హాజరు పట్టీ సరిగ్గా ఉండాలన్నది. ఎవరు లైన్లో ఉన్నారో, ఎవరు సెలవులో ఉన్నారో తెలిస్తేనే కాపలా నిలుస్తుంది.

ఆ లెక్కకు మూడు పనులు చాలు. లిస్బన్‌లో జననం నమోదు కావడం ఒక్కటే భారత పౌరసత్వాన్ని పోగొడుతుందా, లేక పాస్‌పోర్టు తీసుకున్నప్పుడా అన్నది సామాన్యుడికి అర్థమయ్యేలా కేంద్రం తేల్చి చెప్పాలి. నిజం చెబితే ఉన్నదీ పోతుందన్న భయం ఉన్నంతకాలం ఎవరూ నిజం చెప్పరు. కాబట్టి యానాంలో ఇచ్చినట్టు ఒక గడువు ఇచ్చి, శిక్ష లేకుండా ఎటో ఒకవైపు చెప్పుకునే వీలు కల్పించాలి. ఓటరు జాబితా, జాలరి కార్డులు, ఓసీఐ వివరాలు ఆ ప్రకారం సరిచేయాలి. చివరిగా, రేపు ఇంకో మహమ్మారి వచ్చి సరిహద్దులు మూసినప్పుడు, ఇక్కడ తల్లిదండ్రులున్న ఓసీఐలను పర్యాటకుల వరుసలో నిలబెట్టకూడదు. ఆరోగ్య పరీక్షలు చేయండి, క్వారంటైన్ పెట్టండి, తలుపు మాత్రం మూయకండి.

తెల్లవారుతుండగా డయ్యూ వంతెన దాటాం. అతను దిగి, సంచి భుజాన వేసుకుని ఇంటివైపు నడిచాడు. నేను ఖుక్రీ స్మారకానికి వెళ్లాను. ఆ 194 మందిలో ఏ ఒక్కరికీ డయ్యూ సొంతూరు అయి ఉండనక్కరలేదు, అయినా ఆ తీరం కోసం ప్రాణమిచ్చారు. ఈ డిసెంబర్ 19న దీవి మీద మళ్లీ జెండా ఎగురుతుంది, బ్యాండు మోగుతుంది. ఆ జెండా కింద నిలబడినవారి పేర్లు ఏ దేశం పట్టీలో ఉన్నాయో కూడా అరవై ఏళ్ల తరువాతనైనా తేల్చుకుంటే, 1961లో సైన్యం మొదలుపెట్టిన పని పూర్తయినట్టు.