గాలివానకు ముందే: ప్రార్థనా మందిరానికి ఆస్తి బీమా

దక్కన్ ప్రాంతపు ప్రాచీన శాసనాలను చదివేవారికి ‘ఖండస్ఫుటిత జీర్ణోద్ధారం’ అనే సమాసం తరచుగా ఎదురవుతుంది. ఖండమంటే విరిగినది, స్ఫుటితమంటే పగిలినది, జీర్ణమంటే శిథిలమైనది. వీటిని బాగుచేయడమే ఉద్ధారం. ఆలయానికి భూమిని దానం చేసిన రాజు గాని, వర్తకుడు గాని ఆ భూమి ఫలసాయంలో కొంత నైవేద్యానికీ, కొంత ఈ మరమ్మతులకూ చెందాలని నిర్ణయించి, ఆ మాటను రాతిపై చెక్కించేవాడు. కట్టడం ఏనాటికైనా దెబ్బతింటుందనీ, ఆనాటికి ధనం సిద్ధంగా ఉండాలనీ ఆ దాతలకు తెలుసు. బీమా అనే మాట మనకు పారశీకం నుండి ఉర్దూ ద్వారా వచ్చింది. దానికి మూలమైన ‘బీమ్’ అనే పదానికి భయమని అర్థం. పేరు మారింది గాని, శాసనకర్తల ఆలోచనకూ బీమాకూ మూలం ఒక్కటే.

ఈనాటి గ్రామీణ ప్రార్థనా మందిరాలలో చాలావాటికి మాన్యాలు లేవు. జగిత్యాల జిల్లాలోని బీర్పూర్, సారంగాపూర్ వంటి మండలాలలో ఒక చిన్న చర్చి లేచిందంటే, దాని వెనుక కూలి డబ్బులు, బీడీలు చుట్టిన స్త్రీల సంపాదన, గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారు పంపిన సొమ్ము ఉంటాయి. ఒక్కసారి కూలితే మళ్ళీ కట్టడానికి మరొక తరం కష్టపడవలసిందే. అందుచేత అటువంటి మందిరానికి బీమా ఉన్నదా అనే ప్రశ్నతో పాటు, ఉన్న బీమా నేటి మందిరానికి సరిపోతున్నదా అనే ప్రశ్నను కూడా సంఘ పెద్దలు ప్రతి సంవత్సరం వేసుకోవాలి.

తుపాను అనగానే సముద్రతీరం గుర్తుకు వస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్ ఇందుకు కారణం. అయితే తీరానికి దూరంగా, గోదావరికి దక్షిణాన ఉన్న బీర్పూర్‌కు గాలివాన కాలం వేరు. ఇక్కడ మార్చి చివరి నుండి మే నెల వరకు ఎండ ముదిరిన సాయంకాలాలలో ఈదురుగాలులు, పిడుగులు, వడగండ్లు వస్తాయి. మామిడికి పేరుపొందిన జగిత్యాల ప్రాంతంలో కాయ పక్వానికి వచ్చే సమయం కూడా అదే. తోట యజమాని ఏ మేఘాన్ని చూసి కలవరపడతాడో, రేకుల కప్పు గల మందిరపు పెద్దలు కూడా దానినే చూసి కలవరపడాలి. తీరపు తుపాన్ల ప్రభావం ఇక్కడికి చేరదని కూడా అనుకోరాదు. 2025 అక్టోబరు 28న కోస్తాలో నరసాపురం సమీపాన తీరం దాటిన మొంథా తుపాను మరునాడు వరంగల్, హనుమకొండలను వర్షంతో ముంచెత్తింది.

గాలి రేకులను పైనుండి అణచదు, పైకి లేపుతుంది. కప్పు మీదుగా వేగంగా వీచే గాలి వల్ల పైభాగంలో పీడనం తగ్గుతుంది. తెరచి ఉన్న తలుపు గుండా లోపలికి చొరబడిన గాలి కింది నుండి నెడుతుంది. తుప్పుపట్టిన బోల్టులు ముందుగా ఊడేది అందువల్లనే. ఇది భవన నిర్మాణ విషయమే అయినా బీమాకు సంబంధం లేనిది కాదు. కాలక్రమంలో కలిగిన తరుగును, నిర్లక్ష్యం వల్ల కలిగిన నష్టాన్ని బీమా భరించదు. ఎన్నో ఏండ్లుగా కారుతున్న కప్పు మరికొంత కారితే దానిని గాలివాన నష్టంగా అంగీకరించరు.

ఆస్తి బీమాకు చరిత్ర ఉన్నది. 1666లో లండన్ నగరాన్ని దహించిన మంటలలో సెయింట్ పాల్ కెథీడ్రల్‌తో పాటు 87 చర్చిలు నాశనమయ్యాయి. అగ్ని బీమా వ్యాపారం ఆ తరువాతనే ఆ నగరంలో రూపుదిద్దుకున్నది. 1887లో చర్చి భవనాల కోసమే ప్రత్యేకంగా ఒక బీమా సంస్థ ఇంగ్లండులో వెలసింది. మన దేశంలో 1973 జనవరి 1 నుండి సాధారణ బీమా జాతీయమై, నాలుగు ప్రభుత్వ సంస్థల చేతికి వచ్చింది. తరువాత ప్రైవేటు సంస్థలకు కూడా అనుమతి లభించింది. వీటన్నిటినీ నియంత్రించే సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉన్నది.

భవనానికి తీసుకునే బీమాను నేటికీ వాడుకలో ‘ఫైర్ పాలసీ’ అనే అంటారు. పేరులో అగ్ని మాత్రమే ఉన్నా, పిడుగు, తుపాను, గాలివాన, వరద వంటివి కూడా అందులో చేరతాయి. అయితే పాత పద్ధతి పాలసీలలో ప్రీమియం తగ్గించుకోవడానికి తుపాను, వరదల రక్షణను వదులుకునే వీలుండేది. ఆ విధంగా వదులుకున్న సంగతి మరచి, ఏటేటా అదే పాలసీని పునరుద్ధరించుకునేవారు ఉంటారు. 2021 ఏప్రిల్ 1 నుండి నియంత్రణ సంస్థ ఆదేశంతో కొత్త నమూనా పాలసీలు అమలులోకి వచ్చాయి. ఇండ్లకు ‘భారత్ గృహ రక్ష’, ఒకచోట ఉన్న ఆస్తి విలువ 5 కోట్ల రూపాయలకు మించని సంస్థలకు ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’, అంతకు మించి 50 కోట్ల వరకు ‘భారత్ లఘు ఉద్యమ్ సురక్ష’ ఏర్పడ్డాయి. మందిరానికి ఏ పాలసీ ఉన్నదో, అందులో గాలివాన చేరి ఉన్నదో లేదో చూడడం సమీక్షలో మొదటి పని.

రెండవది బీమా మొత్తం. ఎక్కువ సంఘాలు నష్టపోయేది ఇక్కడనే. ఉదాహరణకు ఒక మందిరాన్ని చాలా ఏండ్ల క్రితం 10 లక్షల రూపాయలతో కట్టి, అంతే మొత్తానికి బీమా చేశారనుకోవాలి. ఇప్పుడు అదే భవనాన్ని తిరిగి కట్టాలంటే సిమెంటు, ఇనుము, కూలి ధరలను బట్టి 40 లక్షలు అవుతుంది. గాలివానకు కప్పు లేచిపోయి 4 లక్షల నష్టం కలిగింది. 10 లక్షల బీమా ఉన్నది కనుక 4 లక్షలూ వస్తాయని పెద్దలు భావిస్తారు. కాని సంస్థ ‘దామాషా నియమం’ పాటిస్తుంది. విలువలో నాలుగవ వంతుకే బీమా చేశారు కాబట్టి నష్టంలో నాలుగవ వంతు, అంటే లక్ష రూపాయలే లెక్కకు వస్తుంది. అందులో నుండి కూడా పాలసీదారుడు తానే భరించవలసిన మొత్తాన్ని మినహాయిస్తారు. మిగిలిన మూడు లక్షలకు సంఘమే బీమా సంస్థగా నిలిచినట్లు లెక్క.

సూక్ష్మ ఉద్యమ్ పాలసీలో కొంత వెసులుబాటు ఉన్నది. లోటు 15 శాతానికి మించకపోతే ఈ నియమాన్ని వర్తింపజేయరు. పై ఉదాహరణలో బీమా మొత్తం 34 లక్షలు ఉన్నా, గాలివాన నష్టం పూర్తిగా లెక్కకు వచ్చేది. అందుచేత ఏటా ఒక ఇంజినీరు చేత గాని, అనుభవమున్న మేస్త్రీ చేత గాని పునర్నిర్మాణ వ్యయాన్ని అంచనా వేయించాలి. ఆ లెక్కలో స్థలం ధరను కలుపరాదు. గాలివాన భూమిని ఎత్తుకుపోదు. భూమి విలువను కూడా కలిపి బీమా చేస్తే ప్రీమియం పెరుగుతుందే తప్ప, కలిగిన నష్టాన్ని మించి ఒక్క రూపాయి రాదు. పాలసీ తరుగుదలను తీసివేసి చెల్లించేదా, కొత్తగా కట్టడానికి అయ్యే ఖర్చును చెల్లించేదా అన్నది కూడా తెలుసుకోవాలి. పాత భవనానికి ఈ రెండింటి మధ్య వ్యత్యాసం చిన్నది కాదు.

పాలసీలో రాసిన వర్ణన వాస్తవంతో సరిపోలాలి. స్లాబు అని రాసి ఉండగా ముందువైపు రేకుల పందిరి వేసి ఉండవచ్చు. గంట గోపురం, ప్రహరీ గోడ, సౌర ఫలకాలు తరువాత చేరి ఉండవచ్చు. వీటిని తెలియజేయకపోతే అవి బీమాలో లేనట్లే. పాలసీ ఎవరి పేరున ఉన్నదనేది మరొక చిక్కు. చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఆస్తులు దాని ట్రస్ట్ అసోసియేషన్ పేరున ఉంటాయి. స్వతంత్ర సంఘాలలో స్థలం సొసైటీ పేరున గాని, ఒక్కొక్కచోట పాస్టరు పేరున గాని ఉంటుంది. హక్కు ఒకరిది, పాలసీ మరొకరిది అయితే నష్టపరిహారం కోరేనాడు వివాదం తప్పదు.

బీమాకు చేరని వస్తువులు కూడా ఉన్నాయి. ఫైర్ పాలసీలలో షార్ట్ సర్క్యూట్ వల్ల ఒక విద్యుత్ యంత్రం తనంతట తాను కాలిపోతే, దానికి పిడుగే కారణమైనా, ఆ యంత్రానికి పరిహారం ఉండదు. దాని నుండి మంటలు వ్యాపించి ఇతర వస్తువులు కాలితే వాటికి మాత్రం ఉంటుంది. చర్చిలలో మైకు, ఆంప్లిఫయర్ల మీద పెద్ద మొత్తాలు వెచ్చిస్తున్న ఈ కాలంలో దీనికి వేరే బీమా అవసరం. కళాఖండాలను, రాతప్రతులను ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప లెక్కలోనికి తీసుకోరు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైన మెదక్ కెథీడ్రల్‌ను తలచుకుంటే ఈ నియమం అర్థమవుతుంది. 175 అడుగుల గోపురాన్ని మేస్త్రీలు మళ్ళీ కట్టగలరు. ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన అక్కడి రంగుటద్దాల కిటికీలను తిరిగి ఎవరు చేయగలరు? అటువంటి వాటి విలువను నిపుణుల చేత ముందే నిర్ణయింపజేసి, పాలసీలో రాయించాలి.

ఈ సమీక్షకు ఫిబ్రవరి నెల అనువైనది. ప్రీమియం అందనిదే బీమా సంస్థ బాధ్యత మొదలు కాదని 1938 నాటి బీమా చట్టం చెబుతున్నది. ఆకాశం నల్లబడిన తరువాత కార్యాలయానికి పరుగెత్తి ప్రయోజనం లేదు. సమీక్షనాడే మందిరాన్ని లోపలా వెలుపలా తేదీతో ఫోటోలు తీసి, ఒక ప్రతిని వేరొక ఊరిలో ఉంచాలి. కప్పు అంతకుముందు బాగున్నదని సర్వేయరుకు చూపగల సాక్ష్యం అదే. నష్టం జరిగితే వెంటనే సంస్థకు తెలపాలి. పాలసీలో చెప్పిన గడువులోగా వివరాలతో క్లెయిమ్ సమర్పించాలి. సర్వేయరు చూడకముందే శిథిలాలను ఎత్తివేయరాదు. అయితే వాన లోపలికి రాకుండా టార్పాలిన్ కప్పడం పాలసీదారుని బాధ్యతే.

బాప్తిస్మపు, వివాహపు రిజిస్టర్ల సంగతి మరొకటి. వివాహాల నమోదు 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం జరుగుతుంది. అవి తడిసి ముద్దయితే పాలసీ ద్వారా రాగలిగింది మహా అయితే కొత్త పుస్తకాల ఖరీదు. యాభై ఏండ్ల క్రితం పెండ్లి చేసుకున్న వృద్ధురాలు ఆస్తి వివాదంలోనో, పింఛను కోసమో చూపవలసిన సాక్ష్యం ఆ పుటలలో ఉండవచ్చు. వాటిని నేలకు ఎత్తుగా ఇనుప బీరువాలో ఉంచి, ప్రతి పుటకూ నకలు తీయించి మరొకచోట భద్రపరచాలి. దీనికి అయ్యే ఖర్చు ఒక సంవత్సరపు ప్రీమియం కంటె తక్కువే.