ఆగమన్న మాట వినని కణం

మానవ శరీరంలో కాలేయ కణానికీ, నాడీ కణానికీ, నోటి లోపలి పొరలోని కణానికీ వారసత్వంగా అందిన డీఎన్‌ఏ ఒక్కటే. ప్రొటీన్ల తయారీకి ఆధారమైన సుమారు 20,000 జన్యువుల్లో ఏ కణం వేటిని, ఎప్పుడు, ఎంతసేపు చదువుతుందన్న దాన్ని బట్టే వాటి స్వభావాలు వేరుపడతాయి. జన్యువులోని సమాచారం ఆర్‌ఎన్‌ఏగా నకలై, ఆ నకలును అనుసరించి ప్రొటీన్ తయారుకావడాన్ని జన్యు వ్యక్తీకరణ అంటారు. ఏ జన్యువును చదవాలన్నది కణం తనంతట తాను తేల్చుకునే విషయం కాదు; పొరుగు కణాల నుంచి, రక్తంలో ప్రవహించే హార్మోన్ల నుంచి, గాయపడిన కణజాలం నుంచి వచ్చే రసాయన సందేశాలను కణం పైపొర వద్ద అందుకొని కేంద్రకంలోని డీఎన్‌ఏ దాకా చేరవేసే దారులున్నాయి, వాటినే సంకేత మార్గాలు అంటారు. గాయమైనప్పుడు చర్మకణాలు విభజన చెందడం, గాయం పూడగానే ఆ విభజన ఆగిపోవడం ఈ మార్గాల పనే. ఈ రెండింటిలో మొదటిదాని గురించి పాఠ్యపుస్తకాలు ఎక్కువగా చెబుతాయి గానీ, క్యాన్సర్‌ను అర్థం చేసుకోవాలంటే రెండోదాన్ని, అంటే సందేశం ఎలా ఆగుతుందన్న సంగతిని, మరింత శ్రద్ధగా చూడాలి.

కణం లోపల ఈ సందేశాలు చాలావరకు ఫాస్ఫేట్ ద్వారానే నడుస్తాయి. ఒక ప్రొటీన్‌కు ఫాస్ఫేట్ అణుసముదాయం అతుక్కుంటే దాని ఆకారం మారుతుంది, ఆకారంతో పాటు పనీ మారుతుంది. అతికించే ఎంజైములను కైనేజ్‌లనీ, తొలగించే వాటిని ఫాస్ఫటేజ్‌లనీ అంటారు. మనిషి జన్యువుల్లో కైనేజ్‌లకు సంబంధించినవే 500కు పైగా ఉన్నాయి. కైనేజ్‌లకు కావలసిన ఫాస్ఫేట్‌ను సమకూర్చేది ఏటీపీ అనే అణువు. భీమవరంలో 1895 జనవరి 12న జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని రూపొందించి, ఆ పద్ధతి ఆసరాతోనే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929 నాటికి ఏటీపీని గుర్తించారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని వేరుగా కనుగొన్నారు. లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్ల వ్యతిరేక మందులతో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా లొంగదీసి 1948లో ఆ ఫలితాలను ప్రకటించారు గనుక, క్యాన్సర్ చరిత్రలో సుబ్బారావు పేరు ఆ సందర్భంలోనే ఎక్కువగా వినిపిస్తుంది. కానీ ఫాస్ఫేట్ గురించి ఆయన చేసిన తొలి పని కూడా, ఆనాడు ఎవరూ ఊహించని రీతిలో, క్యాన్సర్ మూలాలకు అంతే దగ్గరిది. ప్రొటీన్లకు ఫాస్ఫేట్ అతుక్కోవడం, ఊడిపోవడం అన్నది కణం తన పనులను అదుపు చేసుకునే విధానమని 1950లలో నిరూపించిన ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్‌లకు 1992లో నోబెల్ బహుమతి లభించింది.

అన్నిటికన్నా లోతుగా పరిశోధన జరిగిన మార్గం ఒకదాన్ని తీసుకుంటే ఈ వ్యవస్థ తీరు తెలుస్తుంది. కణాలను విభజనకు ప్రేరేపించే వృద్ధి కారకమనే చిన్న ప్రొటీన్ కణం పైపొర మీద ఉన్న గ్రాహకానికి తగులుకోగానే, పొర లోపలివైపు ఉన్న గ్రాహక భాగం కైనేజ్‌గా పనిచేయడం మొదలుపెడుతుంది. దాని ప్రేరణతో పొరకు అంటుకొని ఉన్న రాస్ అనే ప్రొటీన్ మేల్కొంటుంది. రాస్ రాఫ్ అనే కైనేజ్‌ను, రాఫ్ మెక్‌ను, మెక్ ఎర్క్‌ను వరుసగా చురుకుపరుస్తాయి. చివరిదైన ఎర్క్ కేంద్రకంలోకి ప్రవేశించి, డీఎన్‌ఏ మీద నిర్దిష్ట స్థానాల్లో కూర్చుని నకలు తీసే పనిని ఆరంభింపజేసే ప్రొటీన్లకు, అంటే అనులేఖన కారకాలకు, ఫాస్ఫేట్‌ను అతికిస్తుంది. నిమిషాల వ్యవధిలోనే ఫాస్ అనే జన్యువు నకళ్లు వెలువడతాయి, వెనువెంటనే మిక్ జన్యువు, ఆ తరువాత కణవిభజన చక్రాన్ని తిప్పే సైక్లిన్ డి జన్యువు వ్యక్తమవుతాయి. అదే సమయంలో ఎర్క్ మీది ఫాస్ఫేట్‌ను ఊడదీసే ఫాస్ఫటేజ్‌ల జన్యువులను కూడా ఎర్క్ సందేశమే చదివిస్తుంది, ఫాస్ ఆర్‌ఎన్‌ఏ నకళ్లు కొద్దిసేపటికే కరిగిపోతాయి. సందేశం తన ముగింపును తానే వెంట తెచ్చుకుంటుందన్న మాట.

ఎంతసేపు నడిచిందన్నదే సందేశానికి అర్థాన్నిస్తుందని ఎలుక అడ్రినల్ గ్రంథి కణితి నుంచి తీసిన ఒక రకం కణాలపై జరిగిన ప్రయోగాలు చూపాయి. ఒక వృద్ధి కారకం ఎర్క్‌ను కొద్దిసేపు మాత్రమే చురుకుపరిస్తే ఆ కణాలు విభజన చెందుతాయి. నాడీ వృద్ధి కారకం అదే ఎర్క్‌ను గంటల తరబడి చురుకుగా ఉంచితే అవి విభజన మానుకొని, పోగులు చాచి నాడీ కణాల వలె మారతాయి. మార్గమూ ప్రొటీన్లూ అవే అయినా, వ్యవధి మారేసరికి చదివిన జన్యువులు మారాయి, కణం భవిష్యత్తే మారింది.

ఈ వ్యవధిని నిర్ణయించే తొలి స్థానం రాస్. జీటీపీ అనే అణువును పట్టుకున్నంతసేపు రాస్ చురుకుగా ఉంటుంది, దాన్ని జీడీపీగా విడగొట్టగానే నిద్రపోతుంది. ఆ విడగొట్టే పనిని త్వరితం చేసే సహాయక ప్రొటీన్ ఒకటి వచ్చి తగులుకుంటుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద కొన్నాళ్లు వదిలి కొన్నాళ్లు ఆపే ఆన్ అండ్ ఆఫ్ పద్ధతిలో నీళ్లిచ్చే రోజుల్లో తూము షట్టర్ ఎత్తడం ఎంత అవసరమో గడువు ముగియగానే దించడం అంత అవసరమని నిడమనూరు రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఎత్తిన షట్టర్ బిగుసుకుపోతే కాలువలో దోషమేమీ లేకున్నా కింది పొలం మునిగిపోతుంది. క్యాన్సర్‌లో రాస్‌కు జరిగేది అటువంటి బిగుసుకుపోవడమే.

దాన్ని డీఎన్‌ఏ అక్షరం దాకా వెళ్లి చదివిన వారిలో ఒక తెలుగు శాస్త్రవేత్త ఉన్నారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసి అప్పట్లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో పనిచేస్తుండిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి, మరియానో బార్బాసిద్ తదితరులతో కలిసి, మూత్రాశయ క్యాన్సర్ నుంచి పెంచిన కణాల్లోని, రాస్ జన్యువుల్లో ఒకటైన హెచ్-రాస్‌ను సాధారణ జన్యువుతో పోల్చి చూశారు. కణాన్ని క్యాన్సర్ వైపు మళ్లించే శక్తి ఒకే ఒక్క అక్షరం మార్పులో ఉందని, జీజీసీ అన్న మూడక్షరాల సంకేతం జీటీసీగా మారడం వల్ల 189 ఎమైనో ఆమ్లాల రాస్ ప్రొటీన్‌లో 12వ స్థానంలోని గ్లైసిన్‌కు బదులు వేలీన్ చేరిందని 1982 నవంబర్‌లో నేచర్ పత్రికలో వారు ప్రకటించారు. అదే సంచికలో రాబర్ట్ వైన్‌బర్గ్ బృందం కూడా అదే నిర్ణయానికి వచ్చింది. ఎమైనో ఆమ్లాలన్నిటిలోకీ చిన్నదైన గ్లైసిన్ ఉన్న చోట దానికన్నా పెద్దదైన వేలీన్ చేరడంతో సహాయక ప్రొటీన్ తన పని చేయడానికి చోటు చాలదు, జీటీపీ విడగదు, రాస్ నిద్రపోదు. వృద్ధి కారకం లేకపోయినా కేంద్రకానికి విభజన సందేశం వెళుతూనే ఉంటుంది. సైక్లిన్ డి, మిక్ జన్యువులు అవసరం లేని వేళ కూడా వ్యక్తమవుతూనే ఉంటాయి. మనిషి క్యాన్సర్‌కు దారితీసే ఉత్పరివర్తనాన్ని ఇంత స్పష్టంగా చూపడం అదే మొదలు. ఈ జన్యువుల అధ్యయనానికే ప్రత్యేకించిన ఆంకోజీన్ అనే పత్రికకు 1987లో వ్యవస్థాపక సంపాదకుల్లో ఒకరైన ప్రేమ్‌కుమార్ రెడ్డి పేరు తెలుగు పాఠకులకు సుబ్బారావు పేరంతగా తెలియకపోవడం విచారకరం.

రాస్ ఒక్కటి చెడినంత మాత్రాన క్యాన్సర్ వచ్చేయదు. అదుపు తప్పిన సందేశాన్ని పసిగట్టిన ఆరోగ్యవంతమైన కణం పీ53, పీ16 వంటి ప్రొటీన్ల సాయంతో తన విభజనను శాశ్వతంగా నిలిపివేసుకుంటుంది గనుక, ఆ రక్షణ కూడా తెగినప్పుడే కణితి పెరుగుతుంది. రాస్ మార్పు తెలుగు నేలకు దూరమైన సంగతేమీ కాదు. పొగాకు నమిలే అలవాటుతో ముడిపడిన నోటి క్యాన్సర్లపై ముంబయి పరిశోధకులు 1991లో ప్రచురించిన అధ్యయనంలో, పరీక్షించిన 57 కణితుల్లో 20 కణితుల్లో హెచ్-రాస్ జన్యువు మారి కనిపించింది. పాశ్చాత్య దేశాల నోటి క్యాన్సర్లలో ఈ మార్పు అంత తరచుగా కనిపించదు. గుట్కా, జర్దా నమలడం పల్లెపల్లెనా పాకిన ప్రాంతాలకు ఇంతకన్నా సూటిగా తగిలే సమాచారం మరొకటి ఉండదు.

మార్గం తెలిశాక దాన్ని మధ్యలో అడ్డుకునే ఆలోచన వచ్చింది. 9వ, 22వ క్రోమోజోమ్‌ల ముక్కలు తారుమారు కావడంతో ఆగకుండా పనిచేసే కైనేజ్ ఒకటి పుట్టి ఒక రకం రక్తక్యాన్సర్‌కు కారణమవుతుంది. ఆ కైనేజ్‌లో ఏటీపీ కూర్చోవలసిన గుంటను మూసివేసే ఇమాటినిబ్ 2001లో అమెరికాలో అనుమతి పొందింది. రాఫ్‌ను అడ్డుకోవడానికి రూపొందించిన సొరాఫెనిబ్, రక్తనాళాల వృద్ధికి తోడ్పడే గ్రాహకాలను కూడా అడ్డుకుంటూ, ముదిరిన మూత్రపిండ, కాలేయ క్యాన్సర్ల చికిత్సలోకి వచ్చింది. అయితే అప్పట్లో నెలకు దాదాపు 2,80,000 రూపాయలయ్యే ఈ మందు రోగులకు అందుబాటులో లేదన్న కారణంతో, దాన్ని తయారుచేయడానికి హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మాకు 2012 మార్చి 9న భారత పేటెంట్ కార్యాలయం తప్పనిసరి లైసెన్సు ఇచ్చింది. నెలకు సరిపడే 120 మాత్రల ధర 8,880 రూపాయలకు మించరాదని, అమ్మకాలపై 6 శాతం రాయల్టీ పేటెంట్‌దారుకు చెల్లించాలని నిర్దేశించింది. దేశంలో అటువంటి లైసెన్సు అదే మొదటిది. సంకేత మార్గాల శాస్త్రం ఎంత సూక్ష్మమైనా, దాని ఫలం రోగికి చేరేది ధర అనే గుమ్మం దాటిన తరువాతే. ఆ గుమ్మాన్ని తగ్గించిన నిర్ణయానికి ఒక కొత్త అణువును కనుగొన్నంత విలువ ఉంది.

ఈ మందులు అన్ని కణాల్లోనూ ఒకేలా పనిచేయవు. రాఫ్ జన్యువుల్లో ఒకటైన బీ-రాఫ్ మారిన చర్మక్యాన్సర్‌ను అణచే మందులు, బీ-రాఫ్ సరిగానే ఉండి రాస్ మాత్రం మారిన కణాల్లో ఎర్క్ సందేశాన్ని తగ్గించకపోగా పెంచుతాయి. జంటగా పనిచేసే రాఫ్ అణువుల్లో ఒకదాన్ని మందు పట్టుకుంటే, రెండోది మరింత చురుకవుతుంది. చికిత్స పొందుతున్న కొందరి చర్మం మీద కొత్త కణితులు మొలవడానికి, వాటిలో చాలావాటిలో హెచ్-రాస్ మార్పులు కనిపించడానికి కారణం ఇదే. మెక్‌ను అడ్డుకునే మందును జతచేస్తే ఈ ప్రమాదం తగ్గుతుంది. కాబట్టి ఏ మార్గంలో ఏ స్థానం చెడిందో కణితి జన్యువులను పరీక్షించి తెలుసుకోకుండా మందు ఇవ్వడం సరికాదు.

ఆ పరీక్ష ఇక్కడి రోగుల్లో ఇక్కడే జరగాలన్న అవసరాన్ని హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నోస్టిక్స్ కేంద్రం పరిశోధనలు చూపాయి. పెద్దపేగు క్యాన్సర్లలో సాధారణంగా చెడేది వింట్ అనే మరో సంకేత మార్గం: సందేశం లేనంతకాలం కణం బీటా-కేటెనిన్ అనే ప్రొటీన్‌ను ఎప్పటికప్పుడు ధ్వంసం చేస్తుంటుంది, ఆ ధ్వంసానికి తోడ్పడే ఏపీసీ జన్యువు పోతే బీటా-కేటెనిన్ కేంద్రకంలో పేరుకుపోయి మిక్ వంటి జన్యువులను నిరంతరం చదివిస్తుంది. అయితే చిన్న వయసులోనే ఈ క్యాన్సర్ బారినపడిన భారతీయ రోగుల కణితుల్లో చాలావాటిలో వింట్ మార్గం చురుకైన ఆనవాళ్లు ఆ కేంద్రం శాస్త్రవేత్తలకు కనిపించలేదు. అంటే ఆ కణితులు వేరే దారిన పుట్టి ఉండాలి.

రాస్‌ను సూటిగా పట్టుకునే మందు రావడానికి దాదాపు నాలుగు దశాబ్దాలు పట్టింది. 2021లో అమెరికాలో అనుమతి పొందిన సొటొరాసిబ్, మరో రాస్ ప్రొటీన్ అయిన కే-రాస్‌లో 12వ స్థానంలో గ్లైసిన్‌కు బదులు సిస్టీన్ చేరినప్పుడు, ఆ సిస్టీన్‌లోని గంధకానికి శాశ్వతంగా అతుక్కొని ప్రొటీన్‌ను నిద్రావస్థలో బంధిస్తుంది. 1982లో చదివిన మార్పులో చేరింది వేలీన్. దానికి గంధకం లేదు గనుక ఈ మందు దాని మీద పనిచేయదు.