కరోనా రోజుల్లో ఏజెన్సీ దారిన ప్రయాణం: ఎవరి ప్రాణం లెక్క వేయాలి?

యలమంచిలి నుంచి భద్రాచలం, ఖమ్మం వైపు బంధువులున్న కుటుంబాలకు రెండు దారులు. ఒకటి హైవే మీద రాజమహేంద్రవరం వెళ్లి, అక్కడి నుంచి జంగారెడ్డిగూడెం మీదుగా. రెండోది నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కి చింతపల్లి, గూడెం కొత్తవీధి, సీలేరు, చింతూరు మీదుగా. పిల్లలు ఎప్పుడూ రెండోదే అడుగుతారు.

2021 మే నెలలో పెద్దలకూ అదే ఆలోచన వచ్చే పరిస్థితి. మే 5 నుంచి ఆంధ్రాలో మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ, 12వ తేదీ నుంచి తెలంగాణలో లాక్‌డౌన్. సరిహద్దులో అంబులెన్సులనే ఆపేస్తే హైకోర్టు కలగజేసుకోవాల్సి వచ్చింది. హైవే మీద ఈ తలనొప్పి ఎందుకు, అడవి దారిలో పోలీసు తక్కువ కదా అనిపించడం సహజం.

కానీ ఆ దారిలో పోలీసే కాదు, డాక్టరూ తక్కువే. రోడ్డు లేని గూడెంలో మనిషికి ఊపిరి అందకపోతే ముందు డోలీలో మోయాలి, తర్వాత పీహెచ్‌సీ, ఆ తర్వాత నర్సీపట్నం ఏరియా ఆసుపత్రో, విశాఖ కేజీహెచ్చో. వానలు పడితే మలేరియా కూడా తోడు. వచ్చిన జ్వరం ఏదో తేలేలోపే రోజులు గడిచిపోతాయి. 2020లో కొన్ని గూడేలవాళ్లు దారికి అడ్డంగా కర్రలు కట్టుకున్నది అందుకే. దాన్ని మొరటుతనం అనుకున్నవాళ్లు ఈ లెక్క చూడలేదు.

అమెరికాలో నవాహో గిరిజనులదీ ఇదే కథ. వాళ్ల ఇళ్లలో దాదాపు మూడో వంతుకి కుళాయి నీళ్లే లేవు, చేతులు కడుక్కోమంటే ఎలా? 2020 మేలో జనాభా లెక్కన అక్కడి కేసులు న్యూయార్క్ రాష్ట్రాన్నీ మించాయి. వాళ్లు టూరిస్టు చోట్లు మూసేసి, శని ఆదివారాలు కర్ఫ్యూ పెట్టుకున్నారు.

కారు అద్దాలు ఎత్తుకుని ఆగకుండా పోతే ఎవరికి నష్టం అంటారు కొందరు. మాట నిజమే, కానీ ఘాట్ రోడ్డులో పిల్లలకు వాంతులొస్తాయి, టైరు పంక్చరవుతుంది, పెద్దాయనకు టీ కావాలి. ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు. దగ్గు, జ్వరం ఏమీ లేనివాళ్లు కూడా వైరస్ మోసుకెళ్లగలరు.

షామ్‌లో ప్లేగు అని విని హజ్రత్ ఉమర్ (రజి.) సర్గ్ దగ్గర నుంచే వెనక్కి తిరిగిన సంగతి చాలామందికి తెలుసు. అప్పుడు వినిపించిన హదీసులో, వ్యాధి ఉన్న ఊరికి వెళ్లవద్దన్న సగమే జనం గుర్తుపెట్టుకుంటారు. ఉన్న ఊరు వదిలి బయటికి పోవద్దన్నది రెండో సగం. కేసులు హైవే పక్క ఊళ్లలో ఎక్కువగా, కొండ మీద తక్కువగా ఉన్నప్పుడు యలమంచిలి వాళ్లకు వర్తించేది ఆ రెండోదే.

నికాహ్ అయితే వాయిదా వేయవచ్చు. జనాజా ఆగదు. దానికి ఇద్దరో ముగ్గురో, సొంత బండిలో, చెక్‌పోస్టుల ఇబ్బంది పడైనా హైవే మీదే పోవడం మేలు. ఇంట్లో ఒక్కరికి జ్వరం ఉన్నా ఎవరూ కదలకూడదు. ఏజెన్సీ దారి తప్పనిసరైతే ట్యాంకు నర్సీపట్నంలోనే నింపుకోవాలి. తిండి, నీళ్లు ఇంటి నుంచే. నమాజుకైనా, వాంతికైనా జనం లేని మలుపు చూసి ఆపుకోవాలి. దారిలో ఏ ఊళ్లో ఏ రోజు సంతో ముందే కనుక్కుని, ఆ రోజు మానుకోవాలి.