తవ్వకుండా కోటను కొలవడం

ఆదోని కోట అనగానే అందరి చూపూ కొండ మీదికే పోతుంది. ఐదు కొండల గుంపులో బారకిల్లా, తాలిబండ మైదానం నుంచి దాదాపు 800 అడుగులు లేస్తాయి. ఆ బండల మీద కందకం తవ్వే పనే లేదు, నిట్టనిలువు రాయే కాపలా. గోడా, కందకమూ కావలసింది కింద చదును నేలకు. కొలతల పని అసలు మొదలయ్యేదీ అక్కడే, ఎందుకంటే పాత ఆనవాళ్లు ఇళ్ల కిందా, పొలాల్లోనూ కలిసిపోయేది అక్కడే.

1568లో ఈ కోట బీజాపూర్ సుల్తాను చేతికీ, 1688లో మొగలుల చేతికీ వెళ్లింది. 1786లో టిప్పు సుల్తాన్ నెల రోజులు ముట్టడించి పట్టుకున్నాడు. గోడలు పడగొట్టించి, ఫిరంగులనూ సామగ్రినీ గుత్తికి తరలించాడు. కాబట్టి ఇక్కడి శిథిలమంతా ఒకే రకం కాదు. వానకు కరిగి కూలింది కొంత, మనుషులు కావాలని కూల్చింది కొంత. అటుపైన, ఏ పాత కోటలోనైనా జరిగేదే, ఇళ్లకోసం రాళ్లు ఊడబెరుక్కుపోవడం.

కొలిచేవారు ముందు ఈ మూడింటినీ వేరుచేయాలి. వానకు పోయిన మట్టిగోడ రెండు పక్కలా మెల్లని వాలుగా పరుచుకుంటుంది. పడగొట్టిన గోడ రాళ్లు సాధారణంగా ఒకే వైపు కుప్పపడతాయి. రాళ్లు తీసిన చోట గోడ వరసలోనే పొడవాటి పల్లం మిగులుతుంది. చిక్కంతా దీనితోనే, కొత్తవారు దాన్ని చూసి కందకం అనేస్తారు. కందకమైతే తవ్వి పోసిన మట్టి పక్కన గట్టులా ఉండాలి. రాళ్లు తీసిన గాడి పక్కనైతే సున్నం పెళ్లలూ, పనికిరాని చిన్న రాళ్లూ కనిపిస్తాయి. గుప్తనిధుల కోసం తవ్విన గుంతలు మరో బెడద. వాటినీ పటంలో గుర్తించాలి, లేదంటే రేపు వాటినే పాత బావులనుకుంటారు.

పనికి మంచి కాలం కోతలయ్యాక, తొలకరికి ముందు. పొద్దునా సాయంత్రమూ ఏటవాలు ఎండలో అడుగు ఎత్తు మిట్ట కూడా నీడ పరుస్తుంది, మధ్యాహ్నం అది కంటికి ఆనదు. ముందు నడిచి చూస్తారు. తర్వాత మేకులు కొట్టి, దారం లాగి, గట్టుకు అడ్డంగా మీటరు మీటరుకూ లెవెల్ చూస్తారు. లెక్క సులువే. పది మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల లోతున కోసుగా (V ఆకారంలో) తవ్విన కందకం నుంచి ప్రతి మీటరు పొడవుకూ 15 ఘనపు మీటర్ల మట్టి వస్తుంది. పక్కనున్న గట్టులో అంత మట్టి లేకపోతే అది ఎటు పోయిందో వెతకాలి. వాలులను తోకకప్పల్లాంటి గీతలతో చూపడం ఇంగ్లండు సర్వేయర్ల పద్ధతి: ఎత్తున్న వైపు తల, పల్లం వైపు తోక. సమోన్నత రేఖలకు అందని చిన్న మిట్టలను ఈ గీతలు పట్టిస్తాయి.

2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే వల్ల మన ఊళ్లలో డ్రోనూ, రోవరూ (ఉపగ్రహ సంకేతాలతో స్థానం కొలిచే పరికరం) కొత్త కాదు. ఒక్కో బిందువును పట్టుకోవడంలో రోవర్‌కు సాటి లేదు. డ్రోను ఫొటోకు మాత్రం సర్కారు తుమ్మ కొమ్మలే దొరుకుతాయి, కింది నేల దొరకదు. అందుకే కాలినడకను మించిన సాధనం లేదంటాను.

ఎమ్మిగనూరు వైపు నల్లరేగడిలో పని ఇంకా కష్టం. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది, ఏటా తనను తానే కలుపుకుంటుంది. గట్ల అంచులు చెరిగిపోతాయి. అక్కడ మాయమైన కోటగోడ జాడకు రెవెన్యూ శాఖవారి పొలం కొలతల పుస్తకం (ఎఫ్‌ఎంబీ)లోని పటమే ఆధారం. పొలం గట్టు కారణం లేకుండా విల్లులా వంగితే, పూడిన కందకం అంచు వెంబడే ఆ హద్దు నాటారేమో చూడాలి. పొలాల కొలత ఇక్కడ పాతదే: 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి వదిలాక కలెక్టరుగా వచ్చిన మన్రో పొలం పొలం కొలిపించాడు. రెవెన్యూ కొలతల దస్త్రాలూ ఇలా చరిత్రకు పనికొస్తాయి.

మీ పొలంలో అర్థంకాని మిట్ట ఉంటే జేసీబీ పిలిచే ముందు ఒక పని చేయండి. అడ్డంగా టేపు పట్టి నాలుగు ఫొటోలు తీసి, సర్వే నంబరు రాసి, పురావస్తు శాఖకు పంపండి. చదును చేశాక ఎవరూ కొలవలేరు.