బీరువాలోని బొమ్మల పుస్తకము

రెండేండ్ల బిడ్డ పుస్తకమును తలక్రిందుగా పట్టుకొని, ఏదో గొణుగుచు పుటలు త్రిప్పుచుండగా చూచి ముచ్చటపడని గృహస్థుడుండడు. కాని యా ముచ్చట క్షణకాలమే. ‘చించునేమో, లాగికొనుడు’ అని లోపలినుండి కేక వినవచ్చును. పుస్తకము బీరువాలోనికి పోవును, బిడ్డ యేడ్చును, ఏడుపు మాన్పుటకు చేతికి సెల్‌ఫోను వచ్చును. వేలకొలది రూపాయల యంత్రమును పసిబిడ్డ చేతికిచ్చుటకు జంకనివారు, స్వల్పమగు వెలగల పుస్తకము చిరుగునని భయపడుట మాకు వింతగా తోచుచున్నది.

అక్షరాభ్యాసమునాడు పళ్లెములోని బియ్యముపై వ్రేలు పట్టించి దిద్దించు వరకు బిడ్డకు చదువుతో పనిలేదని మనలో పెక్కురు తలంతురు. ఆ నాటికి బిడ్డ యెంతయో నేర్చియే యున్నాడు. బొమ్మలోని యావును పెరటిలోని యావుతో పోల్చుకొనుచున్నాడు. పుట త్రిప్పిన పిమ్మట నేమి వచ్చునో యూహించుచున్నాడు. పేరు తెలియని వస్తువు కనబడినపుడు వ్రేలు చూపి యడుగుచున్నాడు. అక్షరము వచ్చి నిలువవలసినది ఈ నేలమీదనే గదా!

ఈ సంగతిని మొరేవియా దేశస్థుడగు కొమేనియస్ పండితుడు పదునేడవ శతాబ్దముననే గ్రహించెను. ఆయన 1658లో న్యూరెంబర్గు నగరమున లాటిను, జర్మను భాషలలో నొక బొమ్మల పుస్తకమును వెలువరించెను. బొమ్మలోని యొక్కొక్క వస్తువునకు నొక యంకె. క్రింది వాక్యములో నా వస్తువు పేరు వచ్చినచోట నదే యంకె. గ్రంథారంభమున అక్షరములకు జంతువుల కూతలను జోడించెను: కాకి యరపునకొక యక్షరము, గొఱ్ఱెపిల్ల యరపునకు వేఱొకటి. మన తల్లులు గోడమీది కాకిని చూపి ‘కా, కా’ యనిపించుటకును దీనికిని భేదమేమి? మరుసటి సంవత్సరమే దాని యాంగ్లానువాదము వెలువడెను.

మనకును ఇది క్రొత్తది కాదు. చేర్యాల నకాషీ చిత్రకారులు వ్రాసిన పటములను విప్పుచు కులపురాణములు చెప్పు కథకులు తెలంగాణమున తరతరములుగా గలరు. సంక్రాంతికి బొమ్మలకొలువు తీర్చిన యింట, అవ్వ మనుమరాలిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని యొక్కొక్క బొమ్మకు నొక్కొక్క కథ చెప్పును. ఆ మూడునాళ్ల పని యేడాది పొడుగున సాగవలెనన్నదే మా కోరిక.

పుస్తకము కొనినంత మాత్రమున పని తీరదు. 1988లో న్యూయార్కు రాష్ట్రమున వైట్‌హర్‌స్టు అను మనశ్శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును ఒక పరిశోధన ప్రకటించిరి. రెండేండ్లకు అటునిటుగా నున్న బిడ్డల తల్లిదండ్రులను రెండు వర్గములు చేసిరి. ఇరు వర్గములును ఇంట పుస్తకములు చదివి వినిపించినవే. ఒక వర్గమునకు మాత్రము చదువు తీరు మార్చుకొనుడని నేర్పిరి: తాము చెప్పుట తగ్గించి బిడ్డనడుగుట, బదులుకై వేచియుండుట, బిడ్డ యన్న యొక్క మాటకు మఱి రెండు చేర్చి తిరిగి యనుట. నాలుగు వారములు గడచునప్పటికి ఆ బిడ్డలు మాటాడు శక్తిలో తక్కినవారికన్న కొన్ని నెలలు ముందుండిరి.

తీరు కష్టమైనది కాదు. పుటలో నెడ్లబండి యున్నదనుకొందము. ‘ఇదేమి?’ యని యొక్కమారడిగి యూరకుండరాదు. ‘బండి యెక్కడికి పోవుచున్నది? బండివాడేల దిగినాడు? మన తాతగారి బండికిని దీనికిని భేదమేమి?’ అని యడుగవలెను. ‘ఎద్దు’ అని బిడ్డ యన్న, ‘ఔను, కొమ్ములు తిరిగిన తెల్లని యెద్దు’ అనవలెను. చక్రములపై చింతపిక్కలు పెట్టించిన లెక్క వచ్చును. (మూడేండ్లు నిండని బిడ్డకు చింతపిక్కలీయవలదు, నోటిలో వేసికొనును.) మరునాడు పుస్తకము మూసి, ఆ కథనే బిడ్డచేత చెప్పించుకొనవలెను. అదే పుస్తకమును పదిసారులు తెచ్చెనని విసుగుకొనరాదు. ఆ పదింటిలోనే బిడ్డ కథను తనదిగా చేసికొనును. ఫోనులోని బొమ్మ పరుగెత్తుచునే యుండును. బిడ్డ బదులునకై అది నిలువదు.

ఇక నెట్టి పుస్తకములు? ఆపిలును, మంచుగుడిసెను చూపు ఆంగ్లాక్షరమాలయే చిత్రపుస్తకమని పట్టణములందలి తండ్రులు భ్రమపడుచున్నారు. మంచుగుడిసెను చూచి గుంటూరు బిడ్డ యేమి మాటాడగలడు? సోవియట్టు రాజ్యము 1991లో విచ్ఛిన్నమగువరకు అచ్చటినుండి రంగురంగుల తెలుగు పుస్తకములు చౌకగా వచ్చెడివి. వానిని దాచుకొన్నవారు నేటికిని గలరు. ఇప్పుడు మంచి పుస్తకమువారు, తూలికవారు, నేషనల్ బుక్ ట్రస్టువారు తెలుగున చిత్రపుస్తకములు వేయుచున్నారు. ప్రథమ్ బుక్స్‌వారు 2015 నుండి ‘స్టోరీవీవర్’ ద్వారా ఉచితముగనే యందించుచున్నారు. లోటు పుస్తకములది కాదు.

భూవసతి గల మా పాఠకులకు మఱియొక మాట. మీ బిడ్డలు పట్టణపు బడులకు పోవుదురు. మీ పొలములలో పనిచేయువారి బిడ్డలు అంగన్‌వాడీకి పోవుదురు. ఆ పథకము 1975లో ఆరంభమైనది. మూడు మొదలు ఎనిమిదేండ్ల వరకు చదువునకు పునాది కాలమని 2020 నాటి జాతీయ విద్యావిధానము చెప్పినది. ఆట వస్తువులు, బొమ్మల కార్డులు, కథల పుస్తకములు గల పెట్టెను కేంద్రప్రభుత్వము 2023లో ప్రకటించినది. మేమొక గ్రామమున నిట్టి కేంద్రమును చూచితిమి. పుస్తకములు చక్కగా నున్నవి, బీరువాలో, తాళము క్రింద. కారణమడుగగా, ‘చిరిగిన నా జీతములో పట్టుకొందురేమో, అయ్యా’ అని కార్యకర్త చెప్పినది. ఆమె భయము నిజమో కాదో మేము విచారింపలేదు. తాళమునకు మాత్రమది చాలినది.

చిరుగు పుస్తకమును వాడిక వలన నరిగిన వస్తువుగా లెక్కలో వ్రాసికొనుటకు అధికారులు స్పష్టమగు నుత్తరువీయవలెను. అంతవరకు పంచాయతీ పెద్దలు బీరువా తెరిపించి, చిరిగిన దానికి తాము పూచీపడవచ్చును. మైదాపిండి జిగురును, పలుచని కాగితమును ఏ యూర దొరకవు?