సెషన్ ఎక్స్‌పైర్డ్: టోకెన్ ఎవరు పోగొట్టారు?

సెకండియర్‌లో మేం నలుగురం కలిసి చేసిన మినీ ప్రాజెక్టు అటెండెన్స్ రిపోర్టుల వెబ్ అప్లికేషన్. స్ప్రింగ్ బూట్‌లో రాశాం. ఆఫీసులో మేడమ్ దాన్ని ట్రయల్‌గా వాడటం మొదలుపెట్టారు. హాల్ టికెట్ల ముందు షార్టేజ్ లిస్టు తీయాలి. ఒక్కో సెక్షన్‌నీ రిజిస్టర్‌తో సరిచూసుకుని ఎక్స్‌పోర్ట్ నొక్కగానే తెర మీద ‘సెషన్ ఎక్స్‌పైర్డ్’. మళ్లీ లాగిన్, మళ్లీ మొదటి నుంచి. మూడోసారి ఆవిడ ఫోన్ చేసి, “నేనే ఏదో తప్పు నొక్కుతున్నట్టున్నాను బాబూ” అన్నారు.

ఆవిడ తప్పేం లేదు. తప్పు మాది. అదేంటో తెలుసుకోవడానికి రెండు రోజులు పట్టింది.

ముందు సెషన్ అంటే ఏంటో చూద్దాం. హెచ్‌టీటీపీకి జ్ఞాపకం ఉండదు, ప్రతి రిక్వెస్టూ దానికి కొత్తదే. ఈ ఇబ్బంది తీర్చడానికే 1994లో నెట్‌స్కేప్ ఇంజినీరు లూ మాంటుల్లీ వెబ్‌కి కుకీని తెచ్చాడు. గుడి బయట చెప్పుల స్టాండ్ గుర్తు తెచ్చుకోండి. చెప్పులు ఇస్తే నంబరు వేసిన టోకెన్ ఇస్తారు. తిరిగొచ్చాక స్టాండ్ అతను మన మొహం చూడడు, టోకెన్ చూస్తాడు. సర్వర్ కూడా అంతే. లాగిన్ అవగానే మన వివరాలు తన దగ్గర పెట్టుకుని, సెషన్ ఐడీని కుకీలో పెట్టి బ్రౌజర్‌కి ఇస్తుంది.

కాబట్టి ఈ ఎర్రర్‌కి రెండే అర్థాలు. మన చేతిలో టోకెన్ లేదు, లేదా స్టాండ్‌లో ఆ నంబరు మీద చెప్పులు లేవు. ఏదో తేల్చాలంటే మొదట అడగాల్సిన ప్రశ్న: ఎర్రర్ ఎప్పుడొస్తోంది?

లాగిన్ అయిన వెంటనే వస్తుంటే కుకీని అనుమానించండి. ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో రిక్వెస్టుతో పాటు కుకీ వెళ్తోందో లేదో చూడండి. రిపోర్టుని వేరే సైటు పేజీలో ఐఫ్రేమ్‌గా పెడితే ఈ సమస్య ఎక్కువ. 2020 ఫిబ్రవరిలో వచ్చిన క్రోమ్ 80 నుంచి, సేమ్‌సైట్ విలువ చెప్పని కుకీని అలాంటి చోట పంపడం ఆపేశారు. సేమ్‌సైట్ నన్, సెక్యూర్ అని రెండూ పెట్టి, సైటుని హెచ్‌టీటీపీఎస్‌లో నడపాలి. కుకీ సరిగ్గానే వెళ్తుంటే, వెనకాల రెండు సర్వర్లు ఉన్నాయేమో చూడండి. ఒక స్టాండ్ టోకెన్ ఇంకో స్టాండ్‌లో చెల్లదు కదా!

కాసేపు ఆగాక, దాదాపు అంతే గ్యాప్‌తో వస్తుంటే అది టైమౌట్. మామూలుగా టామ్‌క్యాట్‌లో 30 నిమిషాలు, ఏఎస్‌పీ డాట్ నెట్‌లో 20 నిమిషాలు, పీహెచ్‌పీలో 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. రిపోర్టుల దగ్గర చిక్కంతా ఇక్కడే. మేడమ్ అరగంట సేపు తెర చూస్తూ రిజిస్టర్‌లో టిక్కులు పెట్టుకుంటున్నారు. ఆవిడకి అది పని. ఒక్క రిక్వెస్టు కూడా రాలేదు కాబట్టి సర్వర్‌కి మాత్రం ఆవిడ లేచి వెళ్లిపోయినట్టే లెక్క.

మాకు దొరికిన మొదటి కారణం ఇదే. వెంటనే టైమౌట్‌ని రెండు గంటలు చేశాం. అయినా ఎర్రర్ ఆగలేదు. ఈసారి పది నిమిషాలకోసారి, ఒక్కోసారి గంటకి, లెక్కాపత్రం లేకుండా!

ఇలా వస్తుంటే సర్వర్ లాగ్ తెరవండి. మేడమ్ చెప్పిన టైములు పక్కన రాసుకుని లాగ్‌తో పోల్చి చూస్తే సిగ్గేసింది. ప్రతి ఎర్రర్‌కీ కొద్దిసేపటి ముందు సర్వర్ రీస్టార్ట్ అయింది. చేసింది మేమే. ‘ఫిక్స్ చేశాం’ అనుకున్న ప్రతిసారీ కొత్త కోడ్ ఎక్కించాం. సెషన్లు మెమరీలో ఉండటంతో రీస్టార్ట్ అవగానే అన్నీ పోయేవి. ఆవిడ చెప్పులు వెతుకుతున్నామనుకుంటూ స్టాండ్‌నే ఊడ్చేశామన్నమాట.

చివరికి ఏం చేశామంటే, సెషన్లని స్ప్రింగ్ సెషన్‌తో డేటాబేస్‌లోకి మార్చాం. ఇప్పుడు రీస్టార్ట్ అయినా పోవు. టైమౌట్‌ని మళ్లీ 30 నిమిషాలకే తెచ్చాం, ఎందుకంటే ఆ కంప్యూటర్ ముందు వేరేవాళ్లు కూడా కూర్చుంటారు. గడువు ముగిసే ముందు ‘ఇంకా పనిలో ఉన్నారా?’ అని అడుగుతాం. అవునంటే ఒక చిన్న రిక్వెస్టు వెళ్లి సెషన్ నిలబడుతుంది. ఏ సెక్షన్, ఏ తేదీలు అన్నది యూఆర్‌ఎల్‌లోనే ఉంచాం కాబట్టి, ఒకవేళ సెషన్ పోయినా లాగిన్ అవగానే అదే రిపోర్టు తెరుచుకుంటుంది.

ఎర్రర్ మెసేజ్ కూడా మార్చాం: ‘సమయం ముగిసింది. మీ పొరపాటు ఏమీ లేదు. లాగిన్ అయితే ఇదే రిపోర్టుకి వస్తారు.’ మొత్తం ప్రాజెక్టులో అన్నిటికంటే తేలికైన మార్పు అదే. మొదటి రోజే చేసి ఉండాల్సింది.