కుశలప్రశ్న

2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ అమలులోనికి వచ్చిన పిమ్మట రచ్చబండలును, టీ దుకాణములును మూగబోయినవి. స్నేహితుల ముచ్చటలన్నియు ఫోనునకు చేరినవి. ఏమి కూర వండిరి, ఆవకాయకు కాయలు దొరికినవా, పరదేశమందున్న కుమారుడు ఎప్పటికి రాగలడు - ఇవియే ఆనాటి సంభాషణలు. ఇది కాలక్షేపమని కొందరు నవ్విరి. ఒంటరిగానున్న వృద్ధులను అడిగినచో వేరుగా చెప్పెదరు.

2021 మార్చి 1 నుండి అరువది ఏండ్లు దాటినవారికి టీకాలు ప్రారంభమైనవి. "నాకు సూది వేసిరి, చేయి కొంచెము నొప్పి, అంతే. నీవెప్పుడు పోవుదువు?" అను మాట ఇంటింట వినవచ్చెను.

అంతలో ఏప్రిల్, మే మాసములలో వ్యాధి మరల విజృంభించెను. "బాగున్నావా?" అన్నచో "బాగున్నాను" అనుట మనకు అలవాటు. కోవిడ్ సోకినవాని విషయమున ఆ జవాబు చాలదు. కొందరికి ఆయాసము తోచకముందే రక్తమున ప్రాణవాయువు తగ్గిపోవును. రోగి నవ్వుచు మాటలాడుచునే యుండును. కనుక వివేకముగల మిత్రులు కుశలప్రశ్ననే మార్చిరి: "జ్వరము వచ్చి ఎన్ని దినములైనది? ఆక్సీమీటరులో అంకె ఎంత?"

వ్రేలికి తగిలించు ఆ చిన్న పరికరము 94 కంటె తక్కువ చూపినచో జాగు చేయక వైద్యుని సంప్రదించవలెను. గోళ్ళకు రంగున్నను, చేయి చల్లబడియున్నను అంకె తప్పవచ్చును. రంగు తుడిచి, అరచేతులు రుద్దుకొని, కొంతసేపు కదలక కూర్చుండి మరల చూడవలెను.

"సాయంత్రము మరల ఫోను చేసెదను. అంకె వ్రాసి యుంచుము."